పృథ్వికి ముందు: ఆచార్య సూరి భగవంతము

హైదరాబాదు నగరమునకు పడమట నున్న లింగంపల్లి ఒకప్పుడు బండరాళ్ల నడుమ, సీతాఫలపు పొదల మధ్య నొదిగియున్న చిన్న గ్రామము. 1960లలో దాని ప్రక్కనే రామచంద్రాపురమున భారీ విద్యుత్ యంత్రముల కర్మాగారము వెలసెను. 1974లో ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము పిమ్మట ఆ సమీపముననే స్థిరపడెను. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఆ ప్రాంతపు రూపురేఖలే మారిపోయెను. నేడు ప్రొద్దుననే లింగంపల్లి స్టేషనునుండి కదలు స్థానికపు రైళ్లు వేలకొలది యువతీయువకులను కంప్యూటరు కార్యాలయములకు చేర్చుచున్నవి. అదే ఊరినుండి పడమటికి సాగు దారులు మాత్రము వేరొక లోకమునకు పోవును. యెద్దుమైలారమున యుద్ధశకటములను తయారుచేయు కర్మాగారము, భానూరున భారత్ డైనమిక్స్ వారి క్షిపణుల కర్మాగారము కలవు. బడికి పోవు పిల్లలు ప్రతిదినము ఈ పేర్లు గల బోర్డులను చూచుచునే యుందురు.

నవాబులకును, ముత్యములకును, మినార్లకును పేరుపొందిన ఈ నగరము క్షిపణులకు పుట్టినిల్లు ఎట్లయ్యెను? ఈ ప్రశ్న అడిగినచో ఏ విద్యార్థియైనను అబ్దుల్ కలాముగారి పేరు చెప్పును. అది సత్యమే. కాని కలాముగారు హైదరాబాదు ప్రయోగశాలకు అధిపతిగా వచ్చినది 1982లో. ఆ ప్రయోగశాల అంతకు ఇరువదియేండ్ల పూర్వమే ఈ నగరమునకు తరలివచ్చి యుండెను. అది తరలివచ్చిన కాలమున దేశ రక్షణశాఖకు విజ్ఞాన సలహాదారుగా నుండిన పెద్ద తెలుగువాడు. వెలుగును, స్ఫటికములను అధ్యయనము చేసి ప్రపంచఖ్యాతి గాంచిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయనయే ఆచార్య సూరి భగవంతముగారు. గ్రంథాలయములో స్ఫటికశాస్త్రము చదువువారికి ఆయన పేరు తెలియును. క్షిపణుల కథ చెప్పువారు మాత్రము ఆయనను తరచుగా మరచిపోవుదురు.

భగవంతముగారు 1909 అక్టోబరు 14న నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించిరి. శోభనాచలము అను కొండ నీడలో, నరసింహస్వామి కోవెల గంటలు వినిపించు ఊరది. ఒక విశేషము గమనింపదగినది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ స్థాపింపబడినదియు ఆ 1909వ సంవత్సరముననే. నలువదియెనిమిదేండ్ల పిమ్మట ఆ సంస్థకు అధ్యక్షుడు కాబోవు బాలుడు, ఆ సంస్థ, ఒకే యేట పుట్టిరన్నమాట. సనాతన సంప్రదాయము గల కుటుంబములో పెరిగిన ఈ బాలుడు గుడివాడలో తొలి చదువులు ముగించి, హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరి, భౌతికశాస్త్రము ప్రధానముగా పట్టభద్రుడయ్యెను. ఆ కాలమున నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండెడిది. కృష్ణాతీరపు బాలునకు హైదరాబాదుతో అట్లు ఏర్పడిన బంధము జీవితాంతము తెగలేదు.

1928వ సంవత్సరము భారతీయ విజ్ఞానశాస్త్ర చరిత్రలో మహోజ్జ్వలమైనది. ఆ ఫిబ్రవరి 28న కలకత్తాలో చంద్రశేఖర వేంకటరామనుగారు తమ పేరిట ప్రసిద్ధమైన ఫలితమును కనుగొనిరి. ఒకే వర్ణము గల కాంతిని ద్రవము గుండ పంపినప్పుడు, చెదరి వెలువడు కాంతిలో అత్యల్పభాగము తన వర్ణమును మార్చుకొనును. ఆ మార్పును కొలిచినచో అణువు లోపలి కదలికలు తెలియును. చేతికి అందని అణువు తన రహస్యమును వెలుగు ద్వారమున తానే చెప్పునట్లు చేయు విద్య యిది. ఆ సంవత్సరముననే ఇరువదియేండ్లయినను నిండని భగవంతము కలకత్తాకు పోయి రామనుగారి శిష్యుడయ్యెను. దేశము నలుమూలలనుండి యువకులు ఆ ప్రయోగశాలకు చేరుచుండిన రోజులవి. ఉపకరణములు స్వల్పములు, ఉత్సాహము అపారము. గురువు కోపిష్ఠి, శిష్యులు కష్టజీవులు.

అక్కడ భగవంతము వజ్రముపై కాంతిని ప్రసరింపజేసి, దాని అంతర్నిర్మాణమునకును చెదరిన కాంతికిని గల సంబంధమును పరిశోధించి 1930 నాటికే వ్యాసములు ప్రకటించెను. ఆ సంవత్సరముననే రామనుగారికి నోబెల్ బహుమానము వచ్చెను. 1931లో గురుశిష్యులు కలిసి ప్రకటించిన వ్యాసము మరింత సాహసోపేతమైనది. కాంతికణమునకు స్వీయభ్రమణ గుణము కలదని అణువులచే చెదరిన కాంతిని కొలిచి ప్రయోగపూర్వకముగా నిరూపింప వారు యత్నించిరి. ఆధునిక క్వాంటము సిద్ధాంతము ఐరోపాలో ఇంకను మొలకెత్తుచున్న దినములలో, ఆగిరిపల్లినుండి వచ్చిన యువకుడు దాని లోతులలో చేయి పెట్టినాడనుట తెలుగువారు జ్ఞప్తియందుంచుకొనదగిన సంగతి.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రోపన్యాసకుడుగా చేరెను. సర్వేపల్లి రాధాకృష్ణనుగారు అప్పటి ఉపాధ్యక్షులు. విజ్ఞానశాస్త్ర శాఖలు అప్పుడే కన్ను తెరచుచుండెను. సముద్రపు గాలి వీచు ఆ గుట్టలమీద ప్రయోగశాలను నిలబెట్టుట, శిష్యులను చేరదీయుట, పరికరములను తెప్పించుట, లేనివానిని స్వయముగా చేసికొనుట ఇవన్నియు యువకుడైన ఆచార్యుని పనులయ్యెను. ముప్పదియేండ్లు నిండకమునుపే ఆయన ఆచార్యపదవి నందుకొని శాఖాధిపతి యయ్యెను. కలకత్తాలో నేర్చిన విద్యను వాల్తేరులో నాటి, తెలుగుదేశమున భౌతికశాస్త్ర పరిశోధనకు ఒక సంప్రదాయము నేర్పరచినది ఈ దశలోనే.

వాల్తేరులో భగవంతముగారికి టి. వేంకటరాయుడుగారను గణితజ్ఞుని స్నేహము లభించెను. వీరిరువురును కలిసి సమూహ సిద్ధాంతమను గణితశాఖను స్ఫటికముల అధ్యయనమునకు అన్వయించిరి. ఆ పద్ధతిని విద్యార్థులకు తెలియునట్లు చెప్పవలెనన్న, ఉప్పుకల్లును తలచుకొనుడు. దానిని కొన్ని విధములుగా త్రిప్పినను అది మొదటివలెనే కనిపించును. అట్టి త్రిప్పుళ్లను అన్నిటిని లెక్కించినచో, ఆ స్ఫటికము నొత్తినప్పుడు, వంచినప్పుడు, కాంతిని దాని గుండ పంపినప్పుడు దాని స్వభావమును వర్ణించుటకు ఎన్ని సంఖ్యలు కావలెనో ప్రయోగశాలలో అడుగిడకయే చెప్పవచ్చును. ఏమాత్రము సౌష్ఠవము లేని స్ఫటికమునకు స్థితిస్థాపకతను తెలుపు స్థిరాంకములు 21 కావలెను. ఘనాకృతి గల ఉప్పునకు 3 చాలును. సౌష్ఠవము పెరిగినకొలది సంఖ్యల భారము తగ్గును. ఇంతటి సౌందర్యము గల శాస్త్రము వేరొకటి అరుదు.

ఈ పద్ధతియే ఆయనకు గొప్ప కీర్తి తెచ్చెను. స్ఫటికము నొత్తినప్పుడు దానిలో కాంతిగమనము మారును. ఆ మార్పును తెలుపు స్థిరాంకములను 32 స్ఫటిక తరగతులకు జర్మను శాస్త్రజ్ఞుడు పోకెల్స్ అంతకు అరశతాబ్దికి పూర్వమే లెక్కించి యుండెను. ప్రపంచమంతయు ఆ పట్టికను ప్రమాణముగా గ్రహించెను. 1942లో భగవంతముగారు సమూహ సిద్ధాంతముతో లెక్కవేసి, కొన్ని తరగతుల విషయమున ఆ పట్టిక సరికాదని చూపిరి. పెద్దల మాటయని వాల్తేరు ఆచార్యుడు దానిని విడువలేదు, లెక్క సరిచూచెను. ఉపాధ్యాయులు తమ శిష్యులకు చెప్పదగిన ఉదాహరణ మిది.

ఆ 1942వ సంవత్సరమే వేరొక కారణమున వాల్తేరువారికి మరపురానిది. ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు కురిపించెను. భయముతో జనము ఊరు విడిచిరి. విశ్వకళాపరిషత్తు కొంతకాలము గుంటూరునకు తరలవలసివచ్చెను. దూరమున నెచ్చటనో జరుగు యుద్ధము ప్రయోగశాల వాకిటికే వచ్చినది. ఆకాశమునుండి వచ్చు ఆయుధమునకు ఎదురు చెప్పలేని దేశము తన బడిని సయితము కాపాడుకొనజాలదన్న పాఠము తూర్పుతీరమునకు ఆనాడు తెలియవచ్చెను. అట్టి కాలముననే స్ఫటికముల లెక్కలు సాగెను. వేంకటరాయుడుగారితో కలిసి సమూహ సిద్ధాంతముపై వ్రాసిన గ్రంథమును 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించెను.

స్వాతంత్ర్యానంతరము 1948లో ఆయన విజ్ఞానశాస్త్ర సంబంధాధికారిగా లండను చేరిరి. ఆ నగరము అప్పటికింకను యుద్ధపు గాయములనుండి కోలుకొనలేదు. 1944 సెప్టెంబరు 8న జర్మనులు ప్రయోగించిన వి-2 అను రాకెట్టు మొదటిసారి లండనుపై పడెను. వేయికిపైగా అట్టి రాకెట్లు ఇంగ్లండుపై పడినవి. విమానమైనచో ధ్వని వినిపించును, దానిని కూల్చవచ్చును. వి-2 ధ్వనికంటె వేగముగా వచ్చును గనుక అది పడిన పిమ్మటనే దాని ఘోష వినిపించెడిది. బాలిస్టిక్ క్షిపణులన్నిటికి అదియే మూలపురుషుడు. బాలుడు విసరిన రాయి చేయి విడిచిన పిమ్మట ఎవరి సాయమును లేకయే వంపుదారిన పోయి పడును. బాలిస్టిక్ క్షిపణియు అంతే. తొలి కొలది క్షణములు మాత్రమే దాని ఇంధనము మండును. మిగిలిన దారి నంతయు విసరిన రాయివలెనే పయనించును. వేయి కిలోమీటర్లకు లోబడిన దూరము పోవు దానిని స్వల్పశ్రేణి క్షిపణి యందురు.

రాకెట్టు మన దేశమునకు క్రొత్తదియు గాదు. 1780లో పొల్లిలూరు యుద్ధమున హైదరాలి, టిప్పుల సేనలు ఇనుప గొట్టముల రాకెట్లతో ఆంగ్లసేనను భగ్నము చేసిరి. ఓడిపోయిన కర్నల్ బెయిలీ తన దళముతో బయలుదేరినది గుంటూరునుండియే. ఆ రాకెట్లను చూచియే ఇంగ్లండులో కాంగ్రీవు తన రాకెట్లను తయారుచేసెను. కాని విద్య ఇచ్చట పుట్టియు ఇచ్చట పెరుగలేదు. దానిని లెక్కలతో, లోహశాస్త్రముతో, ప్రయోగశాలతో పెంచినవారు ఇతరులు. స్వతంత్రభారతమునకు ఈ లోటు తీర్చుకొనవలసిన పని మిగిలెను.

లండనునుండి తిరిగివచ్చిన భగవంతముగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యులై, 1952నుండి 1957 వరకు ఆ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన తరువాతి సంధికాల మది. ఉర్దూ బోధనాభాషగా పుట్టిన విశ్వవిద్యాలయము ఆంగ్లమునకు మారుచుండెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించినది ఆయన పాలనాకాలముననే. 1957లో ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు అధ్యక్షులైరి. 1959లో ఆ సంస్థ స్వర్ణోత్సవము ఆయన అధ్యక్షతన జరిగెను. అచ్చట వైమానికశాస్త్ర శాఖకు అధిపతిగా నుండినవారు సతీశ్ ధావనుగారు. పిమ్మట ఆ సంస్థాధ్యక్షతయు వారికే సంక్రమించెను. ఆ రోజులలోనే బెంగుళూరులో రక్షణశాఖవారి వైమానిక ప్రయోగశాలలో ఒక చిన్న ఉద్యోగి గాలిపై తేలు వాహనమునకు రూపకల్పన చేయుచుండెను. ఆ యువకుడు అబ్దుల్ కలాము. క్షిపణుల కథలోని మూడు తరములవారు ఒకే నగరమున అట్లు కొంతకాలము కలిసి నివసించిరి.

1961లో భగవంతముగారు రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారు పదవిని స్వీకరించిరి. 1958లో ఏర్పడిన రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకు తొలి అధిపతి దౌలత్ సింగ్ కొఠారీగారు, రెండవవారు భగవంతముగారు. ఇది వారి జీవితమున పెద్ద మలుపు. వెలుగును ప్రేమించిన పండితుడు అగ్నిని శాసించు కార్యాలయమునకు పోయెను. అది ఎంతటి త్యాగమో పరిశోధన నెరిగినవారికే తెలియును. స్ఫటికము అబద్ధమాడదు; లెక్క సరియైనచో తప్పక లొంగును. కార్యాలయమట్లు గాదు. ఆర్థికశాఖ అనుమతులు, సైనికాధికారుల అనుమానములు, విదేశములనుండి కొనిన సరకు మేలన్న వాదములు, ఇన్నిటి నడుమ ప్రయోగశాలలను నిలుపవలెను.

పదవిలో కుదురుకొనకమునుపే పరీక్షాకాలము వచ్చినది. 1962 అక్టోబరు 20న చైనా సేనలు హిమాలయ సరిహద్దులు దాటినవి. చలికి తగిన దుస్తులు లేక, పాత తుపాకులతో సైనికులు మంచుకొండలపై ప్రాణములర్పించిరి. ఆ మాసాంతమున కృష్ణమేనోనుగారు రక్షణశాఖను విడిచిరి. నవంబరులో యశ్వంతరావు చవాణుగారు ఆ భారము వహించిరి. 1964 అక్టోబరు 16న చైనా అణుబాంబును ప్రేల్చెను. 1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చి, పంజాబు పొలములలో ప్యాటను ట్యాంకులతో తలపడవలసివచ్చెను. 1966లో చైనా అణ్వస్త్రమును క్షిపణిపై నిలిపి ప్రయోగించెను. భగవంతముగారి ఎనిమిదేండ్ల ఉద్యోగమంతయు ఇట్టి ఉరుములు మెరుపుల నడుమనే సాగెను.

ఆ కాలముననే హైదరాబాదు రూపు మారెను. 1958లో ఢిల్లీలో కొలదిమందితో ప్రత్యేక ఆయుధముల అభివృద్ధి బృందమొకటి ఏర్పడి యుండెను. అది పెరిగి, రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల అను పేర 1962లో హైదరాబాదునకు తరలివచ్చెను. నేడు డి.ఆర్.డి.ఎల్. అని జనులు పిలుచునది అదియే. మరుసటి యేడు రక్షణశాఖవారి లోహపరిశోధనశాలయు ఇచ్చటనే నెలకొనెను. అదే దశకమున ఎలక్ట్రానిక్సు ప్రయోగశాలయు ఈ నగరముననే వేళ్లూనెను. క్షిపణికి ఆకృతి నిచ్చునదొకటి, దాని దేహమునకు లోహమిచ్చునదొకటి, కన్నులును చెవులును ఇచ్చునదొకటి. మూడును ఒకే నగరమున చేరుట వలన ఒకరి కష్టము ఒకరికి తెలియు వీలు కలిగెను. ఈ మూడు దీపములును వెలిగిన దశకమున దేశ రక్షణపరిశోధనకు భగవంతముగారే పెద్దదిక్కు.

తొలి ప్రయత్నము చిన్నది. దాని ఫలితము చేదు. ట్యాంకులను కూల్చు క్షిపణిని స్వయముగా తయారుచేయవలెనని ఆ ప్రయోగశాల పూనుకొనెను. దాని పల్లము సుమారు 1.6 కిలోమీటర్లు. క్షిపణి ఎగిరిపోవుచుండగా దాని వెనుక సన్నని తీగె విప్పుకొనుచు పోవును. నేలపైనున్న సైనికుడు గురివైపు చూచుచు, చేతిమీటతో ఆ తీగె ద్వారా సంకేతములు పంపి దానిని నడపును. వినుటకు సులభమే. తీగె తెగరాదు, చిక్కుపడరాదు, క్షిపణి తిన్నగా పోవలెను, మందుగుండు సమయమునకు పేలవలెను. యువశాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి శ్రమించి దానిని ఎగురవేసిరి. కాని సైన్యము దానిని స్వీకరింపలేదు. ఫ్రెంచివారి ఎస్.ఎస్.-11 క్షిపణిని వారి అనుమతితో ఇచ్చటనే తయారుచేయ నిశ్చయమయ్యెను. అందుకొరకే 1970లో హైదరాబాదులో భారత్ డైనమిక్స్ సంస్థ పుట్టెను. స్వదేశీ క్షిపణి బల్లపై మిగిలిపోయెను.

దీనిని అపజయమనవలెనా? లెక్కలు చూచువాడు అవుననును. ఉపాధ్యాయుడు మాత్రము వేరుగా ఆలోచింపవలెను. పరీక్షలో తప్పిన విద్యార్థి చదివిన చదువు ఎక్కడికి పోవును? మార్గదర్శకము, మందుగుండు, గాలిలో కదలిక, లోహపు తొడుగు, ఇవి ఏ పుస్తకములోను పూర్తిగా దొరకవు. చేసి చెడిననే తెలియును. అట్లు చెడి నేర్చినవారి గుంపు ఒకటి హైదరాబాదులో నిలిచెను. ఫ్రెంచివారి క్షిపణితో పాటు నాణ్యతతో పెద్దమొత్తమున ఉత్పత్తిచేయు విద్యయు ఇచ్చటి కార్మికులకు పట్టువడెను.

ఈ ఒత్తిడుల నడుమ భగవంతముగారు తమ మొదటి ప్రేమను మరువలేదు. స్ఫటిక సౌష్ఠవమును, భౌతికగుణములను గూర్చి వారు వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1966లో లండనున ప్రచురితమయ్యెను. పగలు ఫిరంగుల ఫైళ్లను చూచిన చేయియే ఉప్పుకల్లు సౌష్ఠవమును గూర్చియు వ్రాసినది. రెండు యుద్ధముల భారము మోయుచున్న అధికారి ఇట్టి గ్రంథమును పూర్తిచేయుట సామాన్యము గాదు. కాలము లేదని చెప్పు మనబోటివారికి అదియొక మౌనోపదేశము. 1969లో వారు ఆ పదవినుండి విరమించిరి. పిమ్మట అభివృద్ధి చెందుచున్న దేశములకు విజ్ఞానశాస్త్రము నందించు అంతర్జాతీయ సంఘమునకు అధ్యక్షులుగా పాటుపడిరి. చివరి దశలో ఆధ్యాత్మిక చింతన వైపు మనసు మరలి, పుట్టపర్తి సత్యసాయిబాబాగారి తెలుగు ఉపన్యాసములను సభలలో ఆంగ్లమున అనువదించి వినిపించుచుండిరి.

వారు విడిచివచ్చిన ప్రయోగశాల కథ అంతటితో ముగియలేదు. 1972లో సోవియట్ దేశపు విమానవిధ్వంసక క్షిపణి ఎస్.ఎ.-2ను విప్పి, భాగము భాగముగా కొలిచి, అట్టిదానిని స్వయముగా తయారుచేయు ప్రయత్నము డి.ఆర్.డి.ఎల్.లో ఆరంభమయ్యెను. దానికి డెవిల్ అని పేరు. వందలకొలది యువకులు పనిచేసిరి. ద్రవ ఇంధనముతో మండి 3 టన్నుల త్రోపుడు బలము నిచ్చు యంత్రమును వారు సిద్ధము చేసిరి. అయినను పూర్తి క్షిపణి రూపొందకమునుపే 1980లో ఆ పథకము మూతపడెను. రెండవసారియు నిరాశయే మిగిలినది. ఒక తరము వారి యౌవనము ఫలము లేక పోయినదని నగరమున పలువురు భావించిరి.

1980 జూలై 18న శ్రీహరికోటనుండి ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. అంతరిక్ష సంస్థకు అధ్యక్షులు ధావనుగారు. ఆ వాహకమునకు నాయకుడు కలాముగారు. 1982లో కలాముగారు డి.ఆర్.డి.ఎల్. అధిపతిగా హైదరాబాదు చేరిరి. 1983లో 388 కోట్ల రూపాయలతో సమగ్ర క్షిపణి పథకమునకు ప్రభుత్వ మనుమతి లభించెను. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అని వానికి పేర్లు. అందు మొదట సిద్ధమైనది పృథ్వి. దానికి యంత్రము ఎక్కడిది? మూతపడిన డెవిల్ పథకములో పుట్టిన ద్రవ ఇంధన యంత్రమే జంటగా అమర్చబడి పృథ్విని పైకెత్తెను. పారవేసితిమనుకొన్న విత్తనము మొలకెత్తినది.

పృథ్వి బరువు 4 టన్నులకు పైగా, పొడవు సుమారు 9 మీటర్లు. వేయి కిలోల భారమును 150 కిలోమీటర్లు మోసికొనిపోవును. లింగంపల్లినుండి తిన్నగా ఓరుగల్లు వరకు గల దూర మంత. దానికి పట్టునది కొలది నిమిషములే. ఘన ఇంధనము ఒకసారి అంటుకొనిన ఆర్పుట కష్టము. ద్రవ ఇంధనమైనచో, కావలసిన వేగము రాగానే ధారను కట్టివేసి, దూరమును నిర్ణయింపవచ్చును. ఇంధనమును, నత్రికామ్లమును కలిసిన క్షణమున నిప్పురవ్వ అక్కరలేకయే మండును. క్షిపణి దేహమునకే బిగించిన సాధనములు దాని ప్రతి కదలికను కొలిచి, లోపలి కంప్యూటరుకు తెలుపును. అది దారి సరిదిద్దును. నాయకుడు కర్నల్ వి. జె. సుందరంగారు. 1987లో ఏడు సంపన్నదేశములు కలిసి క్షిపణి విద్యను ఇతరులకు అందనీయరాదని కట్టడి చేసికొనినవి. ఆ కట్టడి నడుమనే 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోటనుండి పృథ్వి తొలిసారి ఎగిరి గురి చేరెను. 1994లో అది సైన్యమునకు అందెను.

ఆ ప్రయోగము జరిగిననాటికి భగవంతముగారి వయస్సు డెబ్బదియెనిమిదేండ్లు. పృథ్వి వారు చేసినది గాదు. అట్లని చెప్పుట వారికిని, చేసినవారికిని అన్యాయమే. దానికి రూపమిచ్చినవారు వేరు, ధనమిచ్చినవారు వేరు, రేయింబవళ్లు శ్రమించినవారు వేరు. కాని వారందరును పనిచేసిన ఇల్లు ఈ నగరమున లేచినది వారి కాలమున. తొలి క్షిపణి తిరస్కరింపబడినను ఆ ఇంటి తలుపులు మూతపడలేదు. సంవత్సరము తిరుగకమునుపే, 1989 ఫిబ్రవరి 6న భగవంతముగారు కీర్తిశేషులైరి. అదే సంవత్సరము మే 22న ఎగిరిన అగ్నిని వారు చూడలేదు.

క్షిపణి ప్రాణములను తీయు వస్తువు. దానిని ప్రశంసించుట తగునా అని సున్నితహృదయులు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న తప్పక అడుగవలసినదే. ఏ శాస్త్రజ్ఞుడును దానిని తప్పించుకొనజాలడు. భగవంతముగారి జీవితము దానికి సులభమైన సమాధానము చెప్పదు. విశాఖపై బాంబులు పడిన వత్సరమున స్ఫటికము లెక్క సరిదిద్దినవాడు, 1962లో మంచుకొండలపై సైనికులు రాలిన వత్సరమున ఆయుధశాలల భారము మోసినాడు. జ్ఞానము కొరకు జ్ఞానమన్న ధర్మమును, ఇంటి గడప కాచుకొనవలసిన ధర్మమును ఒకే మనిషి రెండు భుజములపై మోసెను. ఏ భుజమున నొప్పి యెక్కువగా నుండెనో ఆయనకే తెలియును.

తరగతి గదిలో ప్రతి ఉపాధ్యాయుడును ఇట్టి పనియే చేయుచున్నాడు. నేడు నేర్పిన పాఠము ఏ బాలునిలో, ఏ ముప్పదియేండ్లకు ఫలించునో అతడెరుగడు. ఫలించిననాడు తన పేరెవరును తలపరు. లింగంపల్లినుండి పడమటికి పోవు బస్సులో కూర్చుండి కర్మాగారపు గోడలను చూచు విద్యార్థి, ఆ గోడల వెనుక తిరస్కరింపబడిన తీగె క్షిపణి ఒకటి, మూతపడిన పథకమొకటి, ఉప్పుకల్లును ప్రేమించిన ఆచార్యుడొకడు కలడని తెలిసికొనిన చాలును. అపజయమును చూచి చదువు మానరాదని వేరుగా చెప్ప నక్కరయుండదు.